మంగళవారం గాలిమోటరు

శామీర్‌పేట,
21 నవంబరు 2025.

చిరంజీవి అశ్రితకు అవ్వ ఆశీస్సులు.

ఇక్కడ నేను, మీ నాయిన, మీ అమ్మ ఆరోగ్యంగా ఉన్నాం. నువ్వూ క్షేమమేనని రాశావు గాని, ఆ మాట దగ్గర ఒకసారి కొట్టివేసి మళ్లీ రాశావు. కొట్టివేత కింద ఏముందోనని వెలుతురుకు పట్టి చూశాను, కనబడలేదు. కొట్టివేతలున్న ఉత్తరం తిరగరాసి పంపాలని నీకు ఆరో తరగతి నుంచి చెబుతున్నాను.

అడిగినవాటికి వరుసగా జవాబు రాస్తాను. నా మోకాలు అలాగే ఉంది, మెట్లు ఎక్కుతున్నాను. మీ నాయిన మేడ్చల్ దగ్గర కొత్త వెంచర్ పని మీద తిరుగుతున్నాడు, పొద్దున పోతే మళ్లీ రాత్రి అన్నానికే వస్తున్నాడు. చెరువు ఈసారి నిండింది. ఆదివారాలు కట్ట మీద బండ్లు ఆపి జనం మొక్కజొన్న కంకులు తిని, బెండ్లు అక్కడే పడేసి పోతున్నారు. నిమ్మచెట్టుకు నలభై రెండు కాయలు దిగాయి. పదహారు పచ్చడికి పోయాయి.

విమానాల సంగతి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎవరిదో వార్త చదివినట్టు ఉంది. రెండోసారి కూడా అంతే. మీ కంపెనీకి ఉన్నవే మూడు విమానాలు. ఒకటి ఇంజనులో వేయాల్సిన భాగం రాక షెడ్డులో ఉంది. ఒకటి అద్దెకిచ్చినవాళ్లు వచ్చి తీసుకుపోయారు. మిగిలినదాన్ని కూడా ఆపేసి, కబురు చేసేదాకా గదుల్లో ఉండమని మీకు చెప్పారు. నేను పేపర్లో చదువుతూనే ఉన్నాను. చిన్న ఊళ్లకు విమానం నడిపితే నష్టం పూడ్చడానికి ప్రభుత్వం మూడేళ్లు సాయం చేస్తుంది. ఆ గడువు దాటాక చాలా దారులు మూతపడుతున్నాయి. రిబ్బను కత్తిరించి తెరిచిన విమానాశ్రయాల్లో కొన్నింటికి ఇప్పుడు విమానమే రాదట. పైలట్లనైతే పెద్ద కంపెనీలు పిలిచి తీసుకుంటాయి. లోపల ప్రయాణికులను చూసుకునే నీలాంటివాళ్లు మాత్రం వరుసలో నిలబడాలి. నీ గదిలో ఉండే సహస్రకు పిలుపు వచ్చింది, నీకు రాలేదు. ఆమె మంచం ఖాళీగా ఉందని ఒక్క వాక్యం రాశావు. అర్థమైంది.

నేను గౌడవెల్లి బడిలో లెక్కలు చెప్పిన రోజుల్లో మా బస్సు కూడా ఇట్లాగే ఆగింది. మూడు ట్రిప్పులు రెండయ్యాయి, రెండు ఒకటైంది. ఒక సాయంత్రం కండక్టరు "రేపటి సంది రాదు టీచరమ్మా" అన్నాడు. సరే అన్నాను. మర్నాడు నడిచి పోయాను. బాధపడ్డానా అంటే గుర్తు లేదు.

ఇంకొక నెల ఆగి చూడనా, వచ్చేయనా అని అడిగావు. దానికి జవాబు చివర రాస్తాను. ముందు చెప్పాల్సింది ఒకటి ఉంది.

అమ్మకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నావు. నువ్వు బెళగావిలో గదిలోనే కూర్చుని, ప్రతి మంగళవారం సాయంత్రం ఎప్పటిలాగే ఫోన్ చేసి "శంషాబాద్‌ల దిగినమ్మా, అరగంటల మళ్ల పోతున్నం" అంటున్నావు. మీ అమ్మ "పైలం బిడ్డా" అంటుంది. నేను పక్కన కూర్చుని వింటున్నాను.

మీ అమ్మ సంగతి నీకు తెలుసు. నువ్వు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి, నీ విమానం శంషాబాద్ వచ్చే మంగళవారం పూట మిద్దె ఎక్కుతుంది. హకీంపేటలో లేచిన విమానం ఏది మన ఇంటి మీదుగా పోయినా నీదేనని కొంగు ఊపుతుంది. రెండేళ్లుగా నేను దిద్దుతూనే ఉన్నాను.

"శైలజా, అది ఎయిర్‌ఫోర్సోళ్లు నేర్సుకునే విమానం. అండ్ల పట్టేది ఇద్దరే. అశ్రిత దాంట్ల డెబ్బై మంది కూసుంటరు. శంషాబాద్ గా దిక్కున్నది, మనం గీ దిక్కున్నం."

"దిక్కు తప్పి వచ్చిందేమో అత్తమ్మా. గాలిమోటరుకు రోడ్డేమన్న ఉన్నదా?"

"సోయి లేకుంట మాట్లాడకు."

"నా కొంగు నేను ఊపుకుంట. మీ చెయ్యి నొస్తాందా?"

వారం వారం ఇదే మాట. ఆమె నవ్వేది. నేను నవ్వేదాన్ని కాదు.

మొన్న మంగళవారం ఇద్దరం మిద్దె మీద బియ్యం ఏరుతున్నాం. చప్పుడు వినబడింది. మీ అమ్మ లేచి కొంగు ఊపుతూ, "అత్తమ్మా, గది మన అశ్రితదే గదా?" అంది. నేను చాటలోంచి తల ఎత్తకుండా "అవును" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. కాదంటే నీ విమానం ఆగిన మాట కూడా వచ్చేస్తుందని భయపడ్డానేమో.

ఊగుతున్న కొంగు ఆగింది.

"ఏమైందత్తమ్మా?"

"ఏంది, ఏమైంది?"

"మీరు ఏనాడన్న అవునన్నరా? నా బిడ్డకు ఏమైంది?"

చెప్పాను. నువ్వు క్షేమమన్నది ముందు చెప్పి, మిగతాది వరుసగా చెప్పాను. నీకిచ్చిన మాట అట్లా తప్పాను.

మీ అమ్మ ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. ఆమె కూర్చుని చాట తన వైపు లాక్కుంది. "గదిల ఒక్కతే ఉంటాందా?" అంది. అవునన్నాను. "తింటాందా?" అంది. తెలియదన్నాను, నువ్వు రాయలేదు కాబట్టి. కిందికి వచ్చాక చూస్తే, ఏరిన బియ్యంలో ఏరనివి పోసేశాను. నా చేతుల మీద ఇదివరకు అట్లా జరగలేదు.

ఆ సాయంత్రం నువ్వు ఫోన్ చేశావు. "దిగినమ్మా" అన్నావు. మీ అమ్మ "పైలం బిడ్డా" అంది. గొంతు కూడా మారలేదు. ఫోన్ పెట్టి నా వైపు తిరిగి, "దాన్ని గట్లనే చెప్పనియ్యిండ్రి అత్తమ్మా. నాకు ఎరుకైందని తెలిస్తే ఇగ ఫోన్ గూడ చెయ్యది. మీరు రాయకుండ్రి" అంది. రాయనని మాట ఇచ్చాను. ఈ ఉత్తరంతో అదీ తప్పుతున్నాను. ఒకే ఇంట్లో ఇద్దరి మాటలు మోయడం నా వల్ల కాదు.

ఇక నీ ప్రశ్నకు జవాబు. పోయిన ఉత్తరంలో "ఆగు" అని రాశాను, పట్టిన పని మధ్యలో వదలొద్దని కూడా రాశాను. ఆ రెండు వాక్యాలూ నువ్వే కొట్టివేసుకో. తిరగరాసి పంపను.

ఈ ఉత్తరం నీకు అందేసరికి ఒక మంగళవారం దాటిపోతుంది. దాని తర్వాతి మంగళవారం పొద్దుటికి వచ్చేటట్టు బయలుదేరు. జేబీఎస్‌లో కరీంనగర్ బస్సు ఎక్కి శామీర్‌పేటలో దిగు. నీ బట్టల పెట్టెను కింద అరుగు మీద పెట్టి నేరుగా మిద్దె మీదికి పో. మీ అమ్మ అక్కడే ఉంటుంది, నీది రాదని తెలిసినా తల ఎత్తి చూస్తూ ఉంటుంది. కొత్తగా ఏమీ చెప్పనక్కర లేదు. ఆమె వెనకాల నిలబడి, ప్రతి మంగళవారం ఫోన్‌లో అనే మాటే అను. "దిగినమ్మా" అను.

ఇట్లు,
మీ అవ్వ,
ఇందిరమ్మ