బొట్టుబిళ్ళలు అంటించిన అక్షరాలు

ఖరగ్‌పూర్,
న్యూ సెటిల్‌మెంట్,
సెప్టెంబరు, 1999.

సోంపేటలో తమ్ముడింట ఉన్న రత్నానికి, నీ పెనిమిటి ఎర్రయ్య ప్రేమతో రాసేది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అందరం క్షేమమని రాయాలి, కానీ ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. అక్కడ నువ్వూ, నీ తమ్ముడూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

రాత్రిపూట ఏం తింటున్నావని అడిగావు. అన్నమే వండుకుంటున్నాను. రైల్వే వర్క్‌షాపులో ఇన్నేళ్ళు ఇనుము లొంగదీసినవాణ్ణి, గుప్పెడు బియ్యం మాత్రం లొంగడం లేదు. ఒకరోజు జావ, ఒకరోజు మాడు. పొట్లపాదు సంగతి అడిగావు. పందిరి నిండా కాసింది, కోయబుద్ధి కాక పక్కింటి చిట్టెమ్మను కోసుకోమన్నాను. నన్ను ఇన్ని అడిగినదానివి, నువ్వేం తింటున్నావో ఒక్క ముక్క రాయలేదు. నీ తమ్ముడు రాశాడులే. మజ్జిగ తప్ప ముట్టడం లేదటగా. చదివి చాలా భయం వేసింది.

ఇక నువ్వు ఉత్తరం చివర అడిగిన మాట. కంప్యూటర్‌లో ఆ పేరు మళ్ళీ వచ్చిందా అని. దాని సంగతి మొదటినుంచీ రాస్తాను, నువ్వున్నప్పుడు నాకే సరిగ్గా తెలియదు.

మన పిల్లాడు సింహాచలం ఆ కంప్యూటర్ పెట్టెలో రెండు రకాలు పెట్టాడు కదా. ఒకటి అందరి దగ్గరా ఉండే విండోస్. రెండోది, ప్రేమ్ బజార్‌లో చదువుకునే కుర్రాళ్ళ దగ్గర తెచ్చి ఎక్కించుకున్న లినక్స్. స్విచ్చి వెయ్యగానే నల్లటి తెర మీద రెండు పేర్లు వచ్చేవి, ఏది కావాలో చెప్పమని. రెండోదానికి వాడు ఇంగ్లీషు అక్షరాల్లో 'అమ్మ' అని పేరు పెట్టాడు. నీకు ఇంగ్లీషు రాదని, నీ బొట్టుబిళ్ళలే రెండు తీసి రెండు మీటల మీద అంటించాడు. నువ్వు ఆ మీటలు నొక్కితే అది తెరుచుకుని, తెర మీద తెలుగులో 'అన్నం తిన్నావా అమ్మా' అని అడిగేది. నువ్వు పెట్టె వైపు తిరిగి, "ఇంకా నేదురా, నువ్వు తిన్నావేటి?" అనేదానివి. వాడు టైపింగ్ షాపు నుంచి పొద్దుపోయి వచ్చేవాడు, నువ్వు వాడొచ్చేదాకా ముద్ద ముట్టేదానివి కావు. వాణ్ణి మెదడు జ్వరం తీసుకుపోయాక కూడా అది అడిగితేనే నాలుగు మెతుకులు తినేదానివి. నేను చూసీ చూడనట్టు ఉండేవాణ్ణి.

వాడి పెద్దదినం నాడు, కర్మ అయ్యాక, మా అప్ప జోగమ్మ పట్టుబట్టింది. "మంచం ఇచ్చేసినాం, బట్టలిచ్చేసినాం, ఈ పెట్టి మాత్రం ఏటి? పోయినోడు ముట్టుకున్నది పాతదిగా ఉంచకూడదురా. ఇచ్చెయ్యాల, నేకపోతే కొత్తది సెయ్యాల" అంది. ఇచ్చెయ్యడానికి నాకు మనసొప్పలేదు. కొత్తది చేయిస్తే పోతుంది కదా అని రిక్షాలో వేసి ఇందాలో ఒక షాపుకి తీసుకెళ్ళాను. ఇంటికి సున్నం వేయించినట్టే అనుకున్నాను. షాపువాడు విండోస్ మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించి, మీటల మీద బొట్టుబిళ్ళలు కూడా గీకేసి తుడిచి, "సబ్ నయా కర్ దియా దాదా" అన్నాడు, అంతా కొత్తది చేసేశానని. ఆ సాయంత్రం నువ్వు స్విచ్చి వేశావు. పేర్లు అడగకుండా తిన్నగా విండోస్ వచ్చేసింది. నువ్వు ఏడవలేదు. కంచం బోర్లించావు. ఆ కంచం చప్పుడు నాకు ఇంకా చెవుల్లో ఉంది.

నువ్వు సోంపేట వెళ్ళాక సింహాచలం పనిచేసిన షాపుకి వెళ్ళాను. అక్కడ వాడితోపాటు టైపు చేసే ఎలీసమ్మ అనే అమ్మాయి ఉంది. మన ఊళ్ళ వైపు మనుషులే, వాళ్ళ నాన్న కూడా రైల్వేనే. సంగతి చెప్పగానే పని ఆపేసి నాతో వచ్చింది. ఒక ఫ్లాపీ పెట్టింది, చెమ్మకి బూజు పట్టి అది పనిచెయ్యలేదు. మర్నాడు ఇంకోటి తెచ్చింది. దాంతో పెట్టె తెరుచుకున్నాక ఏవో అక్షరాలు కొట్టి, చూసి, నా వైపు తిరిగింది.

"మావా, లోపలున్నదేటీ పోనేదు. మొదట్లో వచ్చే పేరే పోయినాది. మళ్ళీ రాస్తే వచ్చేస్తాది."

అప్పుడు నాకు అర్థమైంది. లైను పీకెయ్యలేదు, బండి పట్టాలు మార్చే పాయింటు ఇటు తిప్పేశారంతే, బండి అటు వెళ్ళడం లేదు. ఆ పిల్ల పేరు మళ్ళీ రాసింది. ఫ్లాపీ తీసి, ఆర్పి, మళ్ళీ వేసింది. రెండు పేర్లూ వచ్చాయి రత్నం. వాటిలో నీ పేరుంది. నా గూట్లో ఉన్న నీ బొట్టుబిళ్ళల పొట్లం అడిగి తీసుకుని, రెండు బొట్టుబిళ్ళలు మళ్ళీ ఆ మీటల మీదే అంటించింది. నొక్కింది. అన్నం తిన్నావా అమ్మా అని వచ్చింది. నేను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఈ కిందది తమ్ముడి చేత చదివించుకోకు. నువ్వే కూడబలుక్కుని చదువుకో.

తువ్వాలు తీసి చూస్తే ఆ పిల్ల గోడకి తిరిగి ఏడుస్తోంది. మన ఇంటికి ఎప్పుడూ రాని పిల్లకి బొట్టుబిళ్ళలు ఏ మీటల మీదో ఎలా తెలుసు? సింహాచలం స్నేహితులందరూ నన్ను బాబాయ్ అంటారు, ఈ పిల్ల మావా అంటుందేమిటి? అడిగేశాను. మొహం తుడుచుకుని చెప్పింది. ఇద్దరూ పెళ్ళి చేసుకుందామనుకున్నారట. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళని మనతో చెప్పడానికి వాడు జంకాడు. నీకు నెమ్మదిగా చెబుతానన్నాడట, ఆ రోజు రానేలేదు.

ఇంకొకటి ఉంది. ఇది రాయాలా వద్దా అని ఆరాటపడ్డాను. నీకు మిగిలింది ఆ ఒక్క మాట, దాన్ని కూడా తీసేసుకుంటున్నట్టుంది. కానీ దాచి నీ పక్కన కూర్చోలేను. ఆ మాట రాసింది వాడు కాదు రత్నం. షాపులో ఒకరోజు "నాను రాకుండా మా అమ్మ తినదు" అని వాడు బాధపడుతుంటే, ఎలీసమ్మ తన చేత్తో ఆ మాట ఎక్కించి, "నాను అడిగినానని సెప్పకు, నువ్వడిగినట్టే ఉండనీ" అందట. వాడు నవ్వి అలాగే ఉంచేశాడు. ఇన్నాళ్ళూ నువ్వు జవాబు చెప్పింది ఆ పిల్లకి.

నన్ను తిట్టుకో, పరవాలేదు. జోగమ్మ అప్పకి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను.

ఆ పిల్ల బాగా చిక్కిపోయింది. వాళ్ళింట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. మనకి ఏడవడానికి ఇల్లుంది, పలకరించడానికి జనం వచ్చారు. ఆ పిల్ల పొద్దున్నే షాపుకెళ్ళి ఎవరివో కాగితాలు టైపు చేసి సాయంత్రం ఇంటికెళ్ళి ఏమీ కానట్టు తిరుగుతోంది. మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక ఇటొచ్చి నా మాడు అన్నం చూసి, "తిన్నావా మావా" అని అడిగింది. నువ్వు తిన్నావా అని తిరిగి అడగకుండా ఆ మాడు గిన్నెలో నీళ్ళు పోశాను.

అది నువ్వు అడగాలి. వచ్చెయ్యి రత్నం.

ఇట్లు,
నీ రాక కోసం చూసే నీ పెనిమిటి,
ఎర్రయ్య.