చెక్క కొంగ కొలత

టొలీడో,
సెప్టెంబరు 9

నా బంగారుతల్లి టెస్సాకు,

అమ్మ ముద్దులతో రాసేది. ఇక్కడ నేనూ, పిల్లీ, నా రెండు మోకాళ్ళలో ఒకటీ కులాసాగా ఉన్నాం. రెండోది కూడా త్వరలోనే దారికొస్తుందని డాక్టరు అంటున్నాడు. అలాస్కాలో అప్పుడే చలి మొదలైందని రాశావు. నేను పంపిన ఉన్ని మేజోళ్ళు బీరువాలో దాచుకోకుండా కాళ్ళకు వేసుకో.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. వంటింటి కప్పు కారడం ఆగింది. స్కూలు క్యాంటీన్లో నా ఉద్యోగం ఈ విద్యాసంవత్సరంతో ఆఖరు. జూన్లో నా పేరు రాసిన కేకు కోస్తారట, దాన్ని కూడా నా చేతే చేయించకపోతే చాలు. పార్కులో కొన్న పసుపుపచ్చ వానకోటు ఇంకా ఉంది, పారేయలేదు. ఇక గ్వెన్ పుట్టినరోజు పుస్తకానికి ఒక పేజీ రాసిస్తావా అని అడిగావు. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పడం నా వల్ల కాదు. అందుకే ఫోను చేయకుండా ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో అయితే నా గొంతే నన్ను పట్టించేస్తుంది.

ముందు నా కోపం కక్కేయనీ. మీ నాన్న రెండో భార్యకు అరవై నిండుతున్నాయి. ఫ్లోరిడాలోని వినోదాల పార్కులో మీరు గడిపిన సెలవుల ముచ్చట్లన్నీ పోగేసి ఆవిడకు పుస్తకం చేసి ఇస్తున్నావు. బాగుంది. అందులో ఒక పేజీ మొదటి భార్య చేత రాయించాలన్న ఆలోచన ఎవరిది తల్లీ? పైగా చేత్తోనే రాయాలని ఆంక్ష. నువ్వు రాసిన పేజీల నకలు కూడా పంపావు, నాకు మచ్చుకు పనికొస్తాయని. మూడుసార్లు చదివాను. మొత్తం పదకొండు జ్ఞాపకాలు. తొమ్మిదింట్లో గ్వెన్ ఉంది. గ్వెన్ నీకు నారింజ ఐసు కొనిపెట్టడం, గ్వెన్ నీ బొమ్మ నీళ్ళలో పడితే గౌనుతో సహా దిగి తీయడం, బాణసంచా చూస్తూ నువ్వు గ్వెన్ ఒళ్ళో నిద్రపోవడం. నేను స్వయంగా కనిపించేది ఒక్కచోటే. "కారు కదులుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది." జ్ఞాపకాల్లో కూడా నన్ను గుమ్మం దాటనివ్వలేదు నువ్వు.

అసూయేనా అంటావు. అవును, అసూయే. దానికి ముద్దుపేర్లు పెట్టే వయసు దాటిపోయాను. ప్రతి జూన్లో మీ నాన్న కారు మన ఇంటి ముందు ఆగేది. ముందు సీట్లో గ్వెన్ వెడల్పాటి టోపీ పెట్టుకుని కూర్చునేది. నెల తరవాత నువ్వు ఎండకు కమిలిన ముక్కుతో, గ్వెన్ అల్లిన రెండు జడలతో తిరిగొచ్చేదానివి. తల స్నానం పేరు చెప్పి ఆ జడలు ఆ పూటే విప్పేసేదాన్ని. జడలు చెడిపోకుండా ఉండాలని నువ్వు కారులో తల ఆనించకుండా వచ్చావని నాకు తెలుసు. అయినా విప్పేశాను. "గ్వెన్ అయితే నొప్పి పుట్టకుండా విప్పుతుంది" అన్నావు ఒకసారి. ఆ మాట ఇంకా నాలో గుచ్చుకునే ఉంది.

నీకు ఏడేళ్ళు నిండిన ఏడాదిని గుర్తు చేసుకో. తుఫాను రైలని ఆ పార్కులో ఉన్న రోలర్ కోస్టరు ఎక్కడమే అప్పుడు నీ జీవితాశయం. ఆ రైలు తలకిందులై తిరిగి వస్తుందని వీధిలో పిల్లలందరికీ కథలు చెప్పేదానివి. నలభై ఎనిమిది అంగుళాల కంటే పొట్టి పిల్లల్ని ఎక్కనివ్వరు. క్యూ మొదట్లో ఒక చెక్క కొంగ ఉండేది, దాని ముక్కు సరిగ్గా ఆ ఎత్తులో ఉండేది. ఆ ముక్కు కింది నుంచి దూరిపోగలిగిన పిల్లలు వెనక్కి పోవలసిందే. ఆ ఏడు మన వంటింటి గుమ్మం దగ్గర ప్రతి ఆదివారం నీ తల మీద వంటల పుస్తకం పెట్టి, పెన్సిలుతో గీత గీసి కొలిచేవాళ్ళం.

"మొదటిసారి ఎవరితో ఎక్కుతావే?" అని అడిగాను చలికాలంలో.

"నీతోనే అమ్మా. ఒట్టు."

ఆ మాట పట్టుకుని ఆగస్టులో మనిద్దరం వెళ్ళడానికి చలికాలమంతా సెలవు రోజుల్లో కూడా పనిచేశాను. మే నెల వచ్చేసరికి నీ కాళ్ళు సాగడం మొదలైంది. అప్పుడు నువ్వు ఎంతో న్యాయంగా ఆలోచించి అన్నావు: "జూన్లోనే అంత ఎత్తు వచ్చేస్తే గ్వెన్‌తో ఎక్కేస్తాలే అమ్మా. ఆగస్టులో నీతో రెండోసారి ఎక్కుతా, సరేనా?" సరే అన్నాను. ఆ రోజు క్యాంటీన్లో బంగాళాదుంపలు నలిపిన తీరు చూసి నా పక్కనామె, "అవేం పాపం చేశాయి లోయిస్?" అని అడిగింది.

ఇప్పుడు నీ పుస్తకం మొదటి పేజీకి వస్తాను. "అన్నిటికంటే నాకు ఇష్టమైన జ్ఞాపకం నేను ఎక్కని రైలుది" అని మొదలుపెట్టావు. నాన్న ముందే క్యూలోకి పరిగెత్తాడు. నువ్వు కొంగ పక్కన నిలబడ్డావు. "దాని ముక్కు నా నుదుటికి చల్లగా తగిలింది. గ్వెన్ నా తల మీద చెయ్యి పెట్టి చూసింది. మా అమ్మ మొన్ననే కొలిచింది, నలభై ఏడే వచ్చింది, ఆగస్టుకి ఆ ఎత్తు వస్తానంది అని చెప్పాను. అయితే ఈసారికి లేదులే బంగారం, పద, బాతుల్ని చూద్దాం అంది గ్వెన్." తరవాత ఒక గంట మీరిద్దరూ చెరువు గట్టున కూర్చుని, మీ రొట్టెలన్నీ బాతులకే వేసి, వచ్చేపోయేవాళ్ళకు పేర్లు పెట్టి నవ్వుకున్నారట. ఆవిడ తన చిన్నప్పుడు వాళ్ళమ్మ పోయిన సంగతి మొదటిసారి నీతోనే చెప్పిందట. "ఆ గంటలోనే గ్వెన్ నాదైంది" అని రాశావు. కాగితం బల్ల మీద పెట్టేసి గిన్నెలు తోమడానికి లేచాను. తోమినవే మళ్ళీ తోమాను.

ఎందుకంటే, టెస్సా, ఆ గంటను గ్వెన్ చేతిలో పెట్టింది నేనే.

నువ్వు బయలుదేరే ముందు రోజు గుమ్మం దగ్గర నిన్ను కొలిచింది గుర్తుందిగా. గీత సరిగ్గానే గీశాను. టేపు దగ్గర మోసం చేశాను. టేపు మొదలు నేలకు ఆనించకుండా, రెండంగుళాలు పైకి లేపి గుమ్మానికి నొక్కిపట్టాను. నువ్వు పుస్తకం కింద కదలకుండా, ఊపిరి బిగబట్టి నిలబడ్డావు. "ఎంతమ్మా?" అన్నావు. "నలభై ఏడు" అన్నాను. నీ మొహం ఎలా మారిందో చూసి కూడా గీత పక్కన అంకె వేశాను. ఎక్కడానికి నీకు ఎత్తు చాలింది. చాలడమేమిటి, ఒక అంగుళం ఎక్కువే ఉన్నావు. ఆ మొదటి కేక నా పక్కన కూర్చుని పెట్టాలన్న ఒక్క దురాశతో నిన్ను పొట్టిదాన్ని చేశాను. నిన్న మళ్ళీ టేపు పెట్టి చూశాను. పెన్సిలుతో నలభై ఏడని రాసి ఉంది. నేల నుంచి నలభై తొమ్మిది.

నాకు దక్కింది ఏమిటో నీకు గుర్తుండకపోవచ్చు, నీ పదకొండింట్లో అది లేదు. ఆగస్టులో మనిద్దరం బస్సులో వెళ్ళాం. వేసవిలో రెండంగుళాలు పెరిగావని నీ నోటే విని మీ నాన్న ఆశ్చర్యపోతూ ఫోను చేస్తే, నా వంట మహిమ అన్నాను, సిగ్గులేకుండా. క్యూలో గంటన్నర నిలబడ్డాం. మన ముందు పదిమంది ఉన్నారనగా మెరుపులు మొదలై రైలు ఆపేశారు. సాయంత్రం దాకా ఆ పసుపుపచ్చ కోట్లలో వానలో ఉన్నాం. నువ్వు ఏడిస్తే నేను ఓదార్చకుండా కసిరాను. మర్నాడు మన బస్సు. తరవాతి జూన్లో నువ్వు గ్వెన్‌తోనే ఎక్కావు. మీరిద్దరూ నోళ్ళు తెరిచి అరుస్తున్న ఆ ఫోటో మీ నాన్న ఇంటి గోడ మీద ఈనాటికీ ఉంది. ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా దానికి వీపు పెట్టి కూర్చుంటాను.

ఇన్నేళ్ళూ ఇది నాకొక్కదానికే తెలుసనుకున్నాను. నీ పేజీ మూడోసారి చదివినప్పుడు కొంగ ముక్కు నుదుటికి తగిలిందన్న మాట దగ్గర ఆగిపోయాను. నుదుటికి తగిలిందంటే తల దానికి పైన ఉన్నట్టేగా. నీకు ఏడేళ్ళు, తెలియలేదు. తల మీద చెయ్యి పెట్టి చూసిన మనిషికి తెలియదా? మొన్న ఆదివారం గ్వెన్‌కు ఫోను చేశాను. నా అంతట నేను చేయడం అదే మొదలు.

"ఆ కొంగ దగ్గర నువ్వు చూశావు కదా?" అన్నాను, పలకరింపు కూడా లేకుండా.

"ఏ కొంగ, లోయిస్?"

"నటించకు. పిల్లకి ఎత్తు చాలిందని చూశావా లేదా?"

"చూశాను" అంది. "మీ అమ్మ పొరపాటు పడిందని చెప్పబోయాను కూడా. ఇంతలో అది నా చెయ్యి పట్టుకుని, మా అమ్మ కొలిస్తే తప్పు రాదు అంది. ఇంకేం చెప్పను?"

"రస్సెల్‌కి చెప్పావా?" అన్నాను, మీ నాన్న సంగతి గుర్తొచ్చి.

"ఆయనకెందుకూ? ఆయన అప్పటికే పైకెక్కి కేకలు పెడుతున్నాడు." నేనెందుకు ఫోను చేశానో అప్పటికే కనిపెట్టినట్టుంది, "లోయిస్, నేను నీ చోట ఉంటే మూడంగుళాలు తగ్గించేదాన్ని" అంది.

నవ్వొచ్చింది నాకు. నవ్వినందుకు ఫోను పెట్టేశాక గంటసేపు నన్ను నేను తిట్టుకున్నాను. ఆవిడ నిన్ను నా నుంచి లాక్కుందని పందొమ్మిదేళ్ళు కుళ్ళుకున్నాను. తీరా చూస్తే, నీ దగ్గర నా మాట పోకుండా అన్నేళ్ళూ కాపాడింది ఆవిడే. ఈ మంచితనం మీద కూడా నాకు అసూయగానే ఉంది, ఏం చేయమంటావు? ఆ చోట నేనుంటే అక్కడికక్కడే మీ నాన్నను పిలిచి, ఆవిడ దొంగకొలత అందరికీ చూపించేదాన్ని.

మా అమ్మ కొలిస్తే తప్పు రాదు. ఆ మాట పోతుందన్న భయంతోనే ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. ఇప్పుడు నేనే దాన్ని చెడగొడుతున్నాను. నీకు కోపం వస్తే రానీ, దాచకు. గుమ్మానికి రంగు వేయించలేదు. వచ్చి నీ చేత్తో టేపు పట్టి చూసుకో. ఆ అంకె కొట్టేసి పక్కన సరైనది నువ్వే వెయ్యి. క్షమించమని అడగడం నాకు బాగా రాదని నీకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

పుస్తకానికి పేజీ ఈ ఉత్తరంతోనే పెట్టాను. నాలుగే వాక్యాలు, గ్వెన్‌కే రాశాను. చదివాక, నాకు పరువు తక్కువని దాన్ని తీసేయకు, మొదటి పేజీ పక్కనే అంటించు.

అక్టోబరులో పార్కుకి అందరితో కలిసి వస్తావా అని కూడా అడిగావు. వస్తాను. మోకాలి సంగతి నేను చూసుకుంటాను. మెరుపులు రాకపోతే తుఫాను రైలు ఎక్కుతాను. ముందు వరసలో నువ్వు నా పక్కన కూర్చోవాలి. పుట్టినరోజు ఆవిడదే కావచ్చు, గ్వెన్ వెనక వరసలో కూర్చుంటుంది. ఆవిడను అడిగాను, ఒప్పుకుంది.

ఇట్లు,
ఆ ఒక్క కొలతలో తప్ప ఎన్నడూ నిన్ను తక్కువగా చూడని
మీ అమ్మ