నేవియో చొక్కా జిప్పు

ఎర్సీలియా, నేను క్షేమం.

రేడియోలో విన్నావుగా, మన అబ్బాయి నేవియో నిన్న కొండమీది సైకిల్ పందెం గెలిచాడు! పదకొండేళ్లుగా జట్టులో తక్కినవాళ్లకు నీళ్లసీసాలు మోసిన మనవాడే! ఆనందంతో నా ఏడుపు ఇంకా ఆగలేదు. అయినా ఒళ్లు మండిపోతోందే. పొద్దున పేపర్లో ఫొటో చూసి, జట్టును పోషించే టైల్స్ కంపెనీ యజమాని వాడిమీద విరుచుకుపడ్డాడు. "గీత దాటేముందు జిప్పు పైకి లాక్కోవద్దూ? చొక్కామీద మా పేరు రెండు ముక్కలైంది. వచ్చే ఏడు నీకు చోటు లేదు పో!"

"ఊపిరాడనివాడు గాలి పీల్చుకుంటాడా, నీ టైల్స్ అమ్ముతాడా పెద్దమనిషీ?" అని అందరి ముందూ కడిగేశాను.

కుందేళ్లకు మేత మరవకు. కాఫీ కొట్టులో సోమవారం పేపరు అడిగి దాచు. ఫొటోలో వాళ్ల పేరు చీలినచోట, నువ్వు వాడి మెడలో కట్టిన మరియమ్మ పతకం తళతళలాడుతోంది. ఆ తల్లి చల్లగా చూస్తే వాడికి ఇంకో జట్టు చొక్కా దొరక్కపోదు.

నీ ఓర్ఫెయో