ఆ మూడు సెకన్లు

పరికరాన్ని పరీక్షించడానికి మా ఇంటికొచ్చిన అమ్మాయికి,

బటన్లు నొక్కడానికి మా ఆయనకు మూడు సెకన్లే పట్టిందని పరికరంలో పడిన లెక్క చూసి మీరు రాసుకున్నది దయచేసి కొట్టేయండమ్మా. సాయం కోసం మెడలో వేసుకునే ఆ పరికరాన్ని ఆరోజు నొక్కింది నేను. ఫోనొచ్చి మీరు వరండాలోకి వెళ్లారు. తన చెయ్యి వణకడం మీరు చూస్తే నామోషీ అని, "నువ్వే నొక్కెయ్యవే" అన్నారాయన. ముప్ఫై ఏళ్లు సూదిలో దారం ఎక్కించిన వేళ్లు నావి.

పోయిన నెల నేను పాలకు వెళ్లినప్పుడు ఆయన స్నానాలగదిలో పడిపోయారు. పెద్ద బటన్ ఎలాగో నొక్కారు. ఆ తర్వాత తెర మీద వచ్చే గోరంత "అవును" మీద వేలు నిలవలేదు. నేను తలుపు తోసేసరికే ప్రాణం పోయింది. గుప్పిట్లో పరికరం ఇంకా అడుగుతూనే ఉంది: "నిజంగా సాయం కావాలా?"