పదివేలలో ఒక్కటి

సుగుణక్కా,

నువ్వు కాన్పులో పోయి ఈ ఆదివారానికి మూడేళ్లు. ఇప్పుడు నాకు తొమ్మిదో నెల. భయమేస్తోంది, నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

నన్ను మన మేనబావ రవికే ఇచ్చారు, హనుమకొండలో ఉంటున్నాం. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా వస్తాయో, తగిలే అవకాశమెంతో లెక్కగట్టడం బావ ఉద్యోగం.

మొన్న దవాఖానలో నా బీపీ చూసి డాక్టరమ్మ, "వెయ్యిల ఒక్కరికి కష్టమైతది, ఫికర్ జెయ్యకు" అంది. "ఒక్కటంటే ఏం లెక్క పిల్లా" అని బావ నవ్వాడు. నీకూ అప్పుడు అదే మాట చెప్పారు కదక్కా. మనిద్దరం ఆటోలో నవ్వుకుంటూ ఇంటికొచ్చాం.

ఈరోజు పొద్దున బావ ఫోన్లో గాబరాగా, "పదివేలల్ల ఒకటి దాటింది సార్, జరపాల్సిందే" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "గుద్దుకుంటయా బావా?"

"గుద్దుకోకపోవచ్చు. అయినా అందాక రానియ్యం, ఒకదాన్ని జర పక్కకు జరుపుతం."

"పదివేలల్ల ఒక్కటికే?"

"గది శానా ఎక్కువ, పిచ్చిపిల్లా."

నా ఐదో తరగతి లెక్కకు కూడా తేడా తెలిసింది. "మరి నాది వెయ్యిల ఒక్కటి గద బావా. ఇంకా పెద్దది గాదా?"

బావ నవ్వలేదు. కొక్కేనికున్న చొక్కా అందుకుంటూ, "చీర మార్చుకో, పెద్ద దవాఖానకు పోదాం" అన్నాడు.

ఆటో పిలవడానికి వెళ్లాడు, వచ్చేలోగా ఇది రాస్తున్నాను. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకుని, అది చూసుకోకుండానే వెళ్లిపోయాడక్కా. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో భయం నాకొక్కదానికే అనుకున్నాను.