నీలి ట్యూబ్‌లైటు కింద కొర్రమీను

ఉంగుటూరులో, పుట్టింట విడిది చేసియున్న గృహాధికారుల సముఖమునకు వారి భర్త సవినయంగా విన్నవించునది:

చౌకలో సముద్రపు అక్వేరియం నేనే కడతానంటే తమరు నవ్వారు. కట్టాను. గాజు పలకలు అతికించి, ఉప్పునీళ్లు నింపి, రాళ్లూ పగడాలూ అమర్చాను. పగడాలకు నీలి వెలుగు కావాలి గనుక, క్రిస్మస్‌కు మన వాకిట్లో కట్టే ట్యూబ్‌లైటు పైన బిగించాను. నారింజరంగు చేపపిల్ల ఒకటి కాపురానికి వచ్చింది.

నిన్న మీ నాన్నగారు అక్కడి నుంచి వస్తూ బతికున్న కొర్రమీను తెచ్చారు. నేను టీ పెట్టి వచ్చేలోగా దాన్ని అక్వేరియంలో వదిలేశారు.

“అమ్మాయి వచ్చేదాకా ఇందులో బతికే ఉంటుందండీ అల్లుడుగారూ!”

“అయ్యో, అవి ఉప్పునీళ్లండీ మామయ్యగారూ!”

“మరీ మంచిది. పులుసులో ఉప్పు కలిసొస్తుంది.”

చేపపిల్ల రాయి చాటున దాక్కుని ప్రాణం దక్కించుకుంది. కొర్రమీనును తక్షణమే వంటింటి బకెట్టుకు బదిలీ చేశాను. నాకు పులుసు పెట్టడం రాదని తమరెరుగుదురు.

కావున ఈ క్రింది డిమాండును నమోదు చేసుకొనగలరు:

1. మామగారు రెండో కొర్రమీనుతో బయలుదేరేలోగా తమరు ఇంటికి రావలెను.