సాక్ష్యం చెప్పిన తర్వాత

నల్గొండ,
21 ఆగస్టు 2022, ఆదివారం.

ఇస్రాయేలు అన్నకు,

ప్రణీత వైద్యం మాన్పించింది నువ్వే. ఇంటర్ చదువు కాదు, సెల్‌ఫోన్ కాదు. నువ్వు వాడంతా చెప్పుకుంటున్నట్టు జబ్బు పూర్తిగా పోవడం అంతకన్నా కాదు. నువ్వు.

ఇక నీకు, వదినెకు, అమ్మకు నా వందనాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాయడం మర్యాద. నేను క్షేమమే. నీ బిడ్డ క్షేమంగా లేదు. ఫోన్‌లో చెప్దామంటే నేను రెండో మాట ఎత్తుకోగానే రామన్నపేటలో సిగ్నల్ పోతుంది, ఎన్నేళ్ల నుంచో చూస్తున్నాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ప్రణీత నన్ను చూడాలనిపించి వచ్చిందని నీకు ఫోన్‌లో చెప్పాను. అది సగమే. బుధవారం కాలేజీకని బయల్దేరి నల్గొండ బస్సెక్కింది. నేను బడి నుంచి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది, బ్యాగు ఒళ్లో పెట్టుకుని. టీ తాగమంటే తాగలేదు. గ్లాసు పక్కకు జరిపి చెప్పింది. "మళ్లొచ్చింది అత్తమ్మా. గీసారి నాకే నా మీద భయమైతాంది. ఇంట్ల ఒక్కదాన్నే ఉంటె ఏమన్న చేసుకుంటనేమోనని నీ దగ్గరికొచ్చిన."

ఆ మాట ఇంకోసారి చదువు. చదివి, భయపడే ముందు గర్వపడు. లేవడానికి ఒంట్లో సత్తువ లేని పదిహేడేళ్ల పిల్ల, తన ప్రాణానికి కాపలా కావాలని తానే తెలుసుకుని, తానే బస్సెక్కి వచ్చింది. ఇన్నేళ్లు ఊరేగింపుల్లో ముందు నడిచినదాన్ని నేను. అంత ధైర్యం నాలో చూడలేదు.

మర్నాడు పొద్దున్నే దవాఖానకు తీసుకుపోయాను. కౌన్సెలర్ నిరోష మేడం పాపం బయట ఉన్నవాళ్లను ఆగమని, ముందు దీన్ని లోపలికి పిలిచింది. ఇన్ని నెలలు ఎందుకు రాలేదని ఒక్క మాట అడగలేదు. వచ్చినందుకు సంతోషం అన్నదట, అంతే. తర్వాత పెద్ద డాక్టర్‌కు కూడా చూపించింది. అప్పటి నుంచి నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. ఒంటరిగా వదలడం లేదు. ప్రాణానికి ఫికర్ పడకు. మిగతా వాటికి పడు.

కోపంగా ఉన్నానని నీ మంచి దాచను. నిరుడు అది తల దువ్వుకోవడం మానేసి, గోడకు తిరిగి పడుకుంటే వదినె ఫోన్ గుంజుకుంది, కాలేజీవాళ్లు బద్ధకమన్నారు, వాడకట్టులో ఎవరో దిష్టి అన్నారు. నువ్వొక్కడివే అది జబ్బన్నావు. చేతిలో తాపీ పక్కనబెట్టి, శనివారం శనివారం పని మానుకుని, బండి వెనక కూర్చోబెట్టుకుని నల్గొండ తెచ్చావు. దవాఖాన గేటు కాడ నిలబడి, మనసుకు చూసే డాక్టర్ ఏ గదిలో ఉంటారని పదిమంది వింటుండగా అడిగిన తండ్రివి మన వాడలో నువ్వే. మా టీచర్ల మీటింగులో ఈ సంగతి చెప్తే చప్పట్లు కొట్టారు. నీకు తెలియదు.

అట్లాంటివాడివి ఈస్టర్ నాడు ఏం చేశావు?

అప్పటికి ప్రణీత తింటోంది, నవ్వుతోంది, చర్చిలో పాటల గుంపులో మళ్లీ నిలబడింది. నీకు ఆనందం ఆగలేదు. సంఘ పెద్దవు కదా. పాటలయ్యాక పాస్టరుగారు, మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పండి అనగానే వెనక్కి తిరిగి బిడ్డకు సైగ చేశావు. అది లేచింది. మైకు చేతికిచ్చావు. దేవుడు నన్ను బాగుచేశాడని చెప్పింది. చప్పట్లు, హల్లెలూయలు. దానికోసం శుక్రవారాలు ఉపవాసమున్న ఆడవాళ్లంతా వచ్చి కావలించుకున్నారు. షుగరున్న మన అమ్మ కూడా పస్తులుందట. చిన్నపిల్ల చేత నిండు సంఘంలో అబద్ధం ఆడించావు అన్నా. నేను చర్చికి రానిదాన్ని కాబట్టి ఇట్లా అంటున్నానని కొట్టిపారేయకు. వాళ్ల ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. అంత ప్రేమ మీద పడితే మళ్లీ జబ్బు పడే హక్కు పిల్లకు ఎక్కడ మిగులుతుంది, అది చెప్పు.

నెల తిరగకముందే మళ్లీ మొదలైంది. ఎవరికి చెప్తుంది? బోరింగు కాడికి పోతే దేవుడు నిన్ను చల్లగా చూశాడు బిడ్డా అంటారు. కిరాణా కొట్టుకు పోతే మా మనవరాలికి కూడా ప్రార్థన చేయమంటారు. శనివారం నీ బండెక్కి నల్గొండ దారి పట్టిందంటే వాడంతా చూస్తుంది. సాక్ష్యం అబద్ధమైంది అంటారు. నీ ఇజ్జత్ పోతుంది. అందుకని ఆ మేడం ఏం చెప్తలేదు, బోరు కొడతాంది, చదువుకోవాలె అని నీతో అంది. నువ్వు ఎగిరి గంతేశావు. మేడం ఫోన్ చేస్తే పూర్తిగా తగ్గిందని చెప్పి పెట్టేశావు.

మూడు నెలలకు పైగా ఆ పిల్ల ఆదివారం ఆదివారం పౌడరు రాసుకుని పాటల గుంపులో నిలబడింది. అమ్మ ఉపవాసం వృథా కాకూడదని, నీ తల దించకూడదని. సంఘం సంఘాన్నంతా ఒక్కతే మోసింది. పిల్లలకు ఓపిక లేదు, మధ్యలో వదిలేస్తారు అనేవాళ్లంతా వచ్చి ఈ ఓపిక చూడాలి.

ఇంకో సంగతి. వైద్యం నడిచిన రోజుల్లో తిరుగు దారిలో బండి ఆపి మిర్చి బజ్జీలు ఇప్పించేవాడివట. అది బాగుంది. బజ్జీ చేతికివ్వగానే ఏమడిగింది, ఏం చెప్పినవు, నా గురించి గిట్ల చెప్పినవా అని మొదలుపెట్టేవాడివట. లోపల కూర్చున్నంతసేపు, బయటికొచ్చి బాపుకు ఏం చెప్పాలి అనే ఆలోచనే సరిపోయేది అంటోంది. ఇంక మేడంతో ఏం మాట్లాడుతుంది?

నీకు అర్థమయ్యే మాట ఒకటి చెప్తాను. మోత్కూర్‌లో ఒకాయన గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నానని, స్లాబు కింద మోపు పెట్టిన సెంట్రింగ్ కర్రలు ముందే ఊడదీయమన్నాడు గుర్తుందా? స్లాబు గట్టిగానే ఉంది కదా మేస్త్రీ అన్నాడు. పైకి గట్టిగుంటది, లోపల ఇంకా పచ్చిగుంటది, నా చేతుల మీద కూలనియ్య అని చెప్పి పని వదిలేసి వచ్చావు. ఆ ముచ్చట నువ్వు చెప్తుంటే మా ఇస్రాయేలన్న ఇట్లాంటోడు అని మురిసిపోయాను. ఊరోళ్ల స్లాబుకు ఉన్న న్యాయం నీ బిడ్డకు లేదా? గట్టిగా కనబడగానే కర్రలన్నీ పీకి, కింద నిలబడి పాటలు పాడమన్నావు.

మేడం మళ్లీ వచ్చే శనివారం రమ్మంది. నన్ను కాదు, నిన్ను తీసుకురమ్మంది. నీ బిడ్డ ఒకటే పట్టు పట్టింది. "బాపు ఇజ్జత్ పోతదంటె నేను పోను అత్తమ్మా. బాపు తోల్కపోతెనే పోత." నేను నచ్చజెప్పాను, అరిచాను కూడా. వినదు. పట్టు నీదే వచ్చింది. కాబట్టి ఆ పిల్ల వైద్యం ఇప్పుడు నీ బండి మీద ఆగి ఉంది.

నేనైతే ఊరుకోను. మా టీచర్ల సంఘం పత్రికలో వచ్చే నెల దీని మీద వ్యాసం రాస్తున్నాను, పిల్లలు వైద్యం ఎందుకు మానేస్తారు, ఎవరు మాన్పిస్తారు అని. పేర్లతో సహా రాస్తాను. నీకు కోపం వస్తే రానీ.

నీ మీద ఎంత కోపమున్నా నీ చెల్లెలే,
భాగ్యశ్రీ

తా.క.: పైదంతా రాశాక ప్రణీతకు చదివి వినిపించాను. చివరిదాకా విని, ఒక పేరా తప్పు అంది. నేను గట్టిగా రాశాననుకున్న పేరానే. "నేను అబద్ధం చెప్పలేదు అత్తమ్మా. గా దినం నిజంగనె మంచిగున్న. బాపు సైగ చెయ్యకపోయినా లేద్దును." నేను కొట్టేయబోతే వద్దంది. బాపు అది చదివి, తర్వాత ఇది చదవాలట.

చివర నా డిమాండ్లు కొన్ని రాశాను. ఆ కాగితం చింపేసింది. కిందివి తానే చెప్తుంటే రాసినవి. ఆరోది నాకు నచ్చలేదు. అయినా రాశాను.

1. మేడం కాడికి పోయేటప్పుడు లోపటికి రావద్దు. బయట బెంచీ మీద కూసోవాలె.
2. బజ్జీలు ఇప్పియ్యాలె. తినేటప్పుడు మేడం ముచ్చట అడగొద్దు.
3. మంచిగైందా అని దినాం అడగొద్దు. మంచిగైతె నేనే చెప్త.
4. మళ్ల మానెయ్యాలనిపిస్తె మేడం ముందటనే చెప్త. నా తరఫున నువ్వు ఫోన్ చెయ్యొద్దు.
5. నా సాక్ష్యం వాపస్ తీసుకోను. అప్పుడు మంచిగున్న, ఇప్పుడు మంచిగ లేను. నా కోసం పస్తులున్న అవ్వకు నేనే చెప్త. చర్చిల చెప్పాల్నా వద్దా అన్నది నా ఇష్టం.
6. అత్తమ్మ నా గురించి పత్రికల రాయొద్దు, మీటింగుల చెప్పొద్దు. అది గూడ మైకే.
7. శనివారం పొద్దుగాల బండి తీసుకొని రావాలె బాపు. లేటయినా రావాలె.